ఛాయానాటకములు: నిబద్ధవాక్కు, అనిబద్ధవాక్కు

తోలును జెక్కి, రంగులద్ది, దీపమునకును దెరకును నడుమ నిలిపి, నీడచేఁ గథను నడపెడి యాట యొక్క దేశమునకే చెందినది కాదు. జావాద్వీపమున దానిని వాయంగు అందురు, తురుష్కదేశమునఁ గరగోజు అందురు, కాంబోజమున స్బెక్ థోమ్, అనఁగాఁ బెద్దతోలు, కేరళమునఁ దోల్పావకూత్తు, ఆంధ్రదేశమునఁ దోలుబొమ్మలాట. చీనాదేశమున సీమ కొక బాణి కలదు. తోలు, దీపము, తెర యను నీ మూఁటి కూర్పే యిన్ని దేశములయందుఁ గానవచ్చుటచే, నది మొదట నెక్కడఁ బుట్టెనను ప్రశ్న పండితులకు సహజముగానే తోఁచినది. దానిమీఁద నూఱేండ్లకుఁ బైగా వాదము జరిగినది. ఆ వాదము తేల్చినదెంత, తేల్పనిదేది, దానివలన మఱుఁగుపడిన ముఖ్యవిషయమేది యనునవి యిచట విచార్యములు.

1897లో డచ్చి పండితుఁడు హాజెయు జావానాటకమునుగూర్చి రచించిన గ్రంథమున, వాయంగునకుఁ జెందిన పరికరముల పేళ్లు, తెరకుఁ గెలిర్, దీపమునకు బ్లెంచొంగ్, ఆటగానికి దలంగ్ మొదలైనవి, సంస్కృతమునుండి వచ్చినవి కావనియు, జావాభాషకే చెందినవనియుఁ జూపి, యా యాట యచటనే పుట్టినదని సిద్ధాంతీకరించెను. 1906లో జర్మను పండితుఁడు పిషెల్ భరతఖండమున నీ యాట ప్రాచీనమైనదని వాదించెను. 1916లో ల్యూడర్స్ మహాభాష్యమునందుఁ గంసవధప్రసంగమునఁ గానవచ్చు శౌభికు లీ విద్యవారే యని యూహించెను. కీత్ పండితుఁడు 1924లోఁ బ్రకటించిన సంస్కృతనాటకచరిత్రమున దాని నంగీకరింపలేదు. చీనావారు హాన్‌వంశపు వూ చక్రవర్తికి మృతిఁజెందిన ప్రియురాలి రూపమును మాంత్రికుఁడు తెరవెనుకఁ జూపెనను కథను బ్రమాణముగాఁ జెప్పుదురు.

ఈ ప్రమాణముల నొక్కొక్కటిగాఁ బరిశీలించినచో, నేదియుఁ దనపైఁ బెట్టఁబడిన బరువును మోయఁజాలదు. వూ చక్రవర్తి కథలో దీపములును దెరయుఁ గలవు కాని తోలుబొమ్మ లేదు. మహాభాష్యవాక్యము శౌభికులు కథను బ్రత్యక్షముగఁ జూపుదురని తెలుపును గాని యెట్లు చూపుదురో తెలుపదు. జావాలో బాలితుంగ మహారాజు కాలపు 907వ సంవత్సరపు శాసనము దేవతాప్రీతికై భీమకుమారుని కథను వాయంగుగా నాడిరని చెప్పుచున్నది. తోలుమాట యందును లేదు. తోలుమాట స్పష్టముగా వచ్చునది పదునొకండవ శతాబ్దిలో, ఐర్లంగరాజు నాస్థానకవి యగు కణ్వుఁడు రచించిన అర్జునవివాహకావ్యమున. చెక్కినతోలే యని యెఱిఁగియు జనులు బొమ్మలనుజూచి కన్నీరు విడుతురని యా కవి దృష్టాంతముగాఁ జెప్పెను. మన దేశమున సుభటుఁడు రచించిన దూతాంగదము 1243లో అణహిలపాటకమునఁ ద్రిభువనపాలుని యాస్థానమునఁ బ్రదర్శింపఁబడినది. అది తన్నుఁ దాను ఛాయానాటకమని చెప్పుకొనును. పదునేడవ శతాబ్దివాఁడగు నీలకంఠుఁడు మహాభారతశాంతిపర్వమునందలి 'రూపోపజీవన' శబ్దమునకు, సన్ననివస్త్రము నడ్డముకట్టి తోలుబొమ్మలచే రాజామాత్యాదుల వర్తనమును జూపుట యని యర్థముచెప్పి, యది దాక్షిణాత్యులలోఁ బ్రసిద్ధమనెను. ఇవి యన్నియు నా యా కాలమున నా యా చోట నీ విద్య యున్నదని చూపును. ఒకచోటినుండి మఱియొకచోటి కేఁగెనని చూపవు. ఉనికిని జూపు సాక్ష్యమును వంశమును జూపు సాక్ష్యముగాఁ గొనుటయే యీ వాదమునందలి ప్రధానదోషము.

అంతకంటెఁ బెద్దదోష మింకొకటి కలదు. బొమ్మను, దీపమును, తెరను బోల్చి చూచినవారు వాక్కును బోల్చి చూడరైరి. బొమ్మకు నోరు లేదు. దాని నోరు తెరవెనుక నున్నవానిది. కణ్వుఁడు చెప్పిన కన్నీరు చెక్కినతోలువలనఁ గాక, యా తోలునకు వాక్కు నిచ్చినవానివలన వచ్చినది. కాఁబట్టి ఛాయానాటకమును సాహిత్యదృష్టితో విమర్శింపఁదలఁచిన వాఁడు మొదట నడుగవలసిన ప్రశ్న యిది: తెరవెనుకవాఁడు పలుకునది యెవరి మాట? పూర్వులు కూర్చిపెట్టినదా, యప్పటికప్పుడు వాఁడు పుట్టించునదా?

సంగీతశాస్త్రమున శార్ఙ్గదేవాదులు గానమును నిబద్ధమనియు ననిబద్ధమనియు రెండుగా విభజించిరి. తాళాదినియమములచేఁ గట్టువడినది నిబద్ధము. ఆలాపనవలె గాయకుని మనోధర్మమునకు విడువఁబడినది యనిబద్ధము. ఈ సంకేతమును వాక్కునకు మార్చి ఛాయానాటకములకుఁ జెల్లించినచో, వాని తారతమ్యము పుట్టినచోటును వెదకుటకంటె స్పష్టముగాఁ దెలియును.

మొదట వాయంగును జూతము. రాత్రి మొదలుకొని తెల్లవాఱువఱకు దలంగొక్కఁడే యన్ని పాత్రలకు మాటనిచ్చును, బొమ్మల నాడించును, చిన్నకొయ్యతోఁ బెట్టెను దట్టుచు వాద్యగాండ్రకు సంజ్ఞచేయును. నడుమనడుమ వాఁడు పాడు 'సులుక్' అను పాటలలోఁ బెక్కు ప్రాచీనజావాకావ్యములనుండి, విశేషించి 1157లో నారంభింపఁబడిన భారతయుద్ధకావ్యమునుండి, వచ్చినవి. అవి నోటినుండి నోటికి సాగుటచే రూపుమాఱి, పాడువానికిని వినువానికిని సంపూర్ణముగా నర్థముకాని స్థితికి వచ్చినవి, అయినను విడువఁబడలేదు. ఇది నిబద్ధభాగము. సంభాషణ మంతయు దలంగు నాఁటి సభనుబట్టి కూర్చుకొనునది. వారి కథలలోఁ గొన్నింటికి మ్రాను లనియుఁ గొన్నింటికిఁ గొమ్మ లనియుఁ బేళ్లు. మ్రానుకథ భారతాదులనుండి వచ్చినది. కొమ్మకథ దానినుండి దలంగులు పుట్టించినది. భీముఁడు జీవజలమును వెదకుచు సముద్రమునఁ దనరూపమే గల యల్పప్రమాణుఁడగు దేవరుచిని జూచి, యాతని చెవిలోఁ బ్రవేశించి తత్త్వము నెఱుంగుట వ్యాసభారతమున లేదు. జావావారి కది ప్రాణమువంటి కథ. వారి భారతమున ద్రౌపది ధర్మజుని కొక్కనికే భార్య. ఇట్టివానిని మూలవిరోధములని త్రోసివేయుట సులభము. కాని మ్రానునకుఁ గొమ్మ విరోధి కాదు.

ఈ యాటలో నడురేయి దాఁటిన పిమ్మట సెమార్ అను ముదుసలి సేవకుఁడును, గారెంగ్, పెత్రుక్, బాగొంగ్ అను వాని కుమారులును బ్రవేశింతురు. వీరికి వ్యాసభారతమునఁ దావులేదు. అర్జునాదులు ప్రౌఢభాషలో మాటలాడఁగా వీరు నాఁటి వీథిభాషలో మాటలాడుదురు; ఆ యూరి ధరవరలు, అధికారుల యాగడములు వీరి నోటనే వచ్చును. అయినను సెమార్ కేవలహాస్యగాఁడు కాఁడు. వాఁడు మహేశ్వరునకు జ్యేష్ఠభ్రాత యనియు, మనుష్యసేవకై వికృతరూపమును దాల్చెననియు జావావారి విశ్వాసము. వీథిభాషకు దేవతాస్థాన మిచ్చుట చిన్నవిషయము కాదు. నిబద్ధవాక్కునకు ననిబద్ధవాక్కు సేవకుఁడే కాని, యా సేవకుఁడు యజమానునికంటెఁ బెద్దవాఁడని యీ కల్పనమువలనఁ దేటపడుచున్నది.

కరగోజునం దీ రెండువాక్కుల యెదురుకోలే యాటయంతయు. హజివత్ చదివినవాఁడు, అరబీపారసీపదములతో నిండిన యాస్థానభాషను బలుకును. కరగోజు చదువురానివాఁడు, ఆ పదములను దన కర్థమైనట్లు వేఱొకమాటగా విని బదులుచెప్పును. ఆరంభమునఁ బాడఁబడు తెరగజలు ప్రపంచము తెరవంటిదనియు, దీపమాఱినచో నీడలుండవనియు సూఫీవేదాంతము ననుసరించి బోధించును, అది నిబద్ధము. పిమ్మటి సంభాషణమును గథాభాగమును 'హయాలీ' అనఁబడు నాటగాఁడు సభనుబట్టి పెంచుచుఁ దగ్గించుచు నడపును. హెల్ముట్ రిట్టర్ అను పండితుఁ డుస్మానుల యాస్థానమున నాటగాఁడైయున్న నాజిఫ్ నోటనుండి యీ యాటలను వ్రాసికొని, 1924, 1941, 1953 సంవత్సరములలో మూఁడు సంపుటములుగాఁ బ్రకటించెను. వీథిమాటను వేదవాక్యమంత జాగ్రత్తతో వ్రాసికొన్న యీ కార్యము ప్రశంసార్హము. కాని దానికిఁ దరువాత జరిగినది కూడఁ జూడవలెను. 1928లో లిపి మాఱినది. 1930ల నుండి యరబీపారసీపదములను భాషనుండి తొలఁగించుయత్నము సాగినది. హజివత్ మాటలు క్రమముగా వినువారికి దుర్బోధములైనవి. హజివత్ మాట తెలియనిచోఁ గరగోజు దానిని దప్పుగా విన్నాఁడని తెలియునా? ఉన్నతభాష మరణించినచో వీథిభాషలోని చమత్కారమును దానితోడనే మరణించును. ఈ యంశము పండితులు విశేషముగా గమనింపవలసినది.

అనిబద్ధవాక్కన్నంతనే హాస్యమనియు గ్రామ్యమనియుఁ దలఁపరాదు. కేరళమున భద్రకాళి యాలయముల చెంతఁ గూత్తుమాడములలో నాడు తోల్పావకూత్తు దీనికి నిదర్శనము. అచ్చట నిబద్ధము కంబరామాయణపద్యము. పద్యమును జదివిన పిమ్మటఁ బులవరులు దానికిఁ జెప్పు వ్యాఖ్యానము గంటలకొలఁది సాగును. వ్యాకరణము, పురాణము, ధర్మసందేహములు, వైద్యజ్యోతిషప్రసంగములు నందు వచ్చును. చూచువా రొక్కరును లేని రాత్రులందును దేవియే ప్రేక్షకురాలని నమ్మి, యొక పులవరుఁడు ప్రశ్నింప నింకొకఁడు సమాధానము చెప్పుచుఁ దెల్లవాఱువఱకు నడపుదురు. పాఠశాలలో వ్యాఖ్యానము చెప్పు పండితునకును దెరవెనుకఁ గూర్చున్న పులవరునకును భేద మల్పము.

ఈ విభాగమునకు లొంగని యుదాహరణములును గలవు. వానిని దాఁచుట విమర్శకధర్మము కాదు. చీనాలో లువాన్‌జౌ బాణివారు వ్రాఁతప్రతిని బల్లమీఁదఁ దెఱచి దానిని జూచుచునే పాడుదురు. షాన్‌సీ రాష్ట్రమున లీ ఫాంగ్‌గ్వే యను విద్వాంసుఁడు ఛాయానాటకములకై ప్రత్యేకముగా రచనలు చేసెను. అవి పిమ్మట నటులాడు రంగమునకును నెక్కినవి. ఈజిప్టులో 1310 ప్రాంతమున మరణించిన ఇబ్ను దానియాల్ అను నేత్రవైద్యుఁడు మూఁడు ఛాయానాటకములను గద్యపద్యములతో సంపూర్ణముగా రచించెను. వీనియందు నిబద్ధవాక్కే యధికము. ఆ కారణమున వానికి జీవము తక్కువ యనరాదు. కాని ఇబ్ను దానియాల్ తన మొదటి నాటకమునకుఁ జేసిన పీఠిక యొకవిషయమును దెలుపుచున్నది. జనులు పాతయాటల నాలకించి విసిగిరని యొక యాటగాఁడు మొఱపెట్టఁగాఁ దానీ రచనకుఁ బూనుకొంటినని యాతఁడు చెప్పుకొనెను. అనఁగా గ్రంథము పుట్టినది యాటగాని యవసరమునుండి. ఆటకు ముందు గ్రంథమనుట కంటె నాటకై గ్రంథమనుట యుచితము. మన దూతాంగదమునందును బద్యములే యధికము, వచన మల్పము. ఇతరకవుల పద్యములును గొన్ని చేర్పఁబడినవి. ఆ ఖాళీలను జెప్పువాఁడు తన మాటతో నింపుకొనియుండు నని యూహింపవచ్చును.

ఇఁకఁ దెలుఁగుదేశపు తోలుబొమ్మలాట. పాల్కురికి సోమనాథుఁడు పండితారాధ్యచరిత్రమునఁ బర్వతప్రకరణమందు శివరాత్రివేడుకలను వర్ణించుచు, వస్త్రపు మఱుఁగున బొమ్మలచే భారతాదికథల నాడించువారిఁ బేర్కొనెను. ఈ యాటవారికి నిబద్ధభాగము ప్రధానముగా రంగనాథరామాయణము. గోన బుద్ధారెడ్డి తన తండ్రి విఠ్ఠలుని పేర రచించిన యా ద్విపదకావ్యము పాడుటకు ననువైనది. వాల్మీకమున లేని సులోచనావృత్తాంతమువంటి ఘట్టములు తెరమీఁద మిక్కిలి రాణించినవి. ఈ కుటుంబములలోఁ బెక్కింటికి నింటిభాష మరాఠీమాండలికము. పెరటి నుడిని బలుకువారు తరతరములుగాఁ దెలుఁగుద్విపదను గంఠస్థముచేసి గ్రామములకుఁ గొనిపోయిరి. రంగనాథరామాయణమును ముద్రణమునకు ముందు జనులలో నిలిపినవారిలో వీరి పేరు చేర్పని సారస్వతచరిత్ర మసమగ్రము.

వీరి యనిబద్ధభాగము కేతిగాఁడు, జుట్టుపోలిగాఁడు, బంగారక్క మొదలగువారి సంభాషణము. సంస్కృతనాటకమున విదూషకుఁ డున్నాఁడు. కాని వాని ప్రాకృతమును వ్రాసినవాఁడు కవియే. కేతిగాని మాటను గవి వ్రాయలేదు. రావణుని కొలువు ముగియఁగనే వాఁడు తెరపై దూఁకి, యా యూరి కరణమును, కరువును, క్రొత్త కోడలిని దలంచును. పండితులు వీని మాటలను గ్రామ్యములనియు నశ్లీలములనియు విడిచిరి. అశ్లీలత లేదనుట సత్యదూరము, అది యున్నది. అయినను మూఁడు విషయములు చెప్పవలసియున్నవి. మొదటిది, అది యెల్లప్పు డొకేపాళమున నుండదు. సభనుబట్టి పెరుగును దఱుగును. రెండవది, ఒక జాములోఁ బ్రతిహర్త లేని రావణుని ప్రతాపమును విని యలసిన సభ, కేతిగాని మాటతోఁ దన యూరిలోనికి వచ్చి, మరల ద్విపద యారంభింపఁగా లంకకుఁ బోవును. ఈ రాకపోకలే రాత్రియంతయు సభను నిలుపును. మూఁడవది, తురుష్కదేశపు దృష్టాంతము ననుసరించి చూడఁగా, ద్విపద వినువారికి దెలియనంతకాలమే కేతిగాఁడు బూతులకు దిగఁజాఱును. ద్విపదను దెలిసిన సభలో వాఁడు రావణుని మాటకే వెక్కిరింత చెప్పఁగలఁడు. తెలియని సభలో వానికి వెక్కిరించుటకు మాట మిగులదు. కేతిగాఁడు చెడినాఁడని వగచు పండితుఁడు, ద్విపదను బల్లెలలో వినిపించుపని యెవరిదో తన్నుఁ దా నడుగుకొనవలెను.

అనిబద్ధవాక్కును గట్టుదిట్టములోఁ బెట్టుటయు నిరపాయము కాదు. జావాలో సురకర్తయందు 1923లోను, యోగ్యకర్తయందు 1925లోను రాజాస్థానముల యాశ్రయమున దలంగులకుఁ బాఠశాలలు నెలకొన్నవి. వానివలన శిక్షణమునకుఁ గ్రమము కుదిరినది, ప్రాచీనకథాసంగ్రహములు వ్రాఁతకెక్కినవి. కాని యాస్థానబాణియే ప్రమాణమన్న భావము ప్రబలుటచే, గ్రామదలంగుల మాట తక్కువదియైనది. వ్రాసికొనుట వేఱు, వ్రాసికొన్నదే యాడవలెననుట వేఱు. మొదటిది పండితునిపని, రెండవది యాటగాని నోరు కట్టుట.

ఇటీవలఁ బ్రపంచమున నీ కళలకు గౌరవము హెచ్చినది. యునెస్కో సంస్థ వాయంగును 2003లోను, స్బెక్ థోమును 2005లోను మానవజాతి వారసత్వముగాఁ బ్రకటించినది. కరగోజును 2009లోను, చీనా ఛాయానాటకమును 2011లోను దన పట్టికలోఁ జేర్చినది. సిరియాదేశపు ఛాయానాటకమును 2018లో నత్యవసరసంరక్షణ కోరు కళలలోఁ జేర్చినది. ఆంధ్రప్రదేశపు తోలుబొమ్మలకు 2008లో భౌగోళికసూచిక లభించినది. 2020లో నిమ్మలకుంట గ్రామపు దళవాయి చలపతిరావునకుఁ బద్మశ్రీపురస్కారము వచ్చినది. ఇవి సంతోషింపఁదగినవి. అయితే యా నిమ్మలకుంటలోనే చెక్కినతోలు నేఁడు విశేషముగా దీపములకుఁ గప్పు గుల్లలుగాను, గోడకుఁ దగిలించు చిత్రములుగాను అమ్ముడగుచున్నది. కడుపునిండుటకు వారు చేయుపనిని దప్పుపట్ట నెవరికి నధికారము లేదు. ఆ చేతిపనిలో సొగసును గలదు. కాని యొకనాఁడు దీపమునకు ముందు నిలిచి పలికిన హనుమంతుఁడు నేఁడు దీపముచుట్టును జుట్టుకొని మూఁగయైయున్నాఁడు. తోలు మిగిలినది, వాక్కు మిగులలేదు.

గౌరవపత్రములును సూచికలును దోలును గాపాడఁగలవు. వాక్కును గాపాడుపని భాషావేత్తలది. అందుకై చేయవలసినది దుష్కరమేమియుఁ గాదు. ఆటవారి ద్విపదను ముద్రితరంగనాథరామాయణముతోఁ బోల్చి, వారు మార్చినచోట్లను దప్పులుగాఁ గాక పాఠాంతరములుగా గుర్తింపవలెను. కేతిగాని సంభాషణమును దిద్దక, మాండలికమును మార్పక, యే యూర నే సభలో నాడఁబడినదో తెలుపుచు వ్రాసికొనవలెను. ఒకే ఘట్టమును రెండు మూఁడు రాత్రులు విని, మాఱినదానిని మాఱనిదానిని వేఱుచేయవలెను. నిబద్ధానిబద్ధముల యెల్ల యట్లుగాని తెలియదు. పెద్దలలో నింకను ద్విపద నోటనున్నవా రున్నారు. వారు కూర్చుండి చెప్పఁగా వ్రాసికొన్న పుట లొక మంచికావ్యమునకుఁ దాళపత్రప్రతి దొరకినంత విలువగలవి.

ఛాయానాటకము మొదట జావాలోఁ బుట్టెనా, చీనాలోఁ బుట్టెనా, మన దేశమునఁ బుట్టెనా యను వాదము మఱికొంతకాలము సాగినను నష్టము లేదు. ఆ ప్రశ్నకు సాక్ష్యము శాసనములలోను బ్రతులలోను భద్రముగానే యుండును. తెరవెనుకవాని మాటకు సాక్ష్యము వాఁడొక్కఁడే. వానితోఁ బోవునది మరల వెదకినను దొరకదు.